ధారావాహికల్లో పాతకాలపు దుస్తులు – విజ్ఞానశాస్త్ర దృష్టితో ఒక పరిశీలన



చారిత్రక ధారావాహికలు చూసి పాతకాలపు దుస్తుల నుంచి స్ఫూర్తి పొందడం ఎలా అన్నది ఈనాటి మన పాఠ్యాంశం. రసాయనశాస్త్రం చెప్పే టీచరుకు దుస్తులతో పనేమిటని మీలో కొందరికి సందేహం రావచ్చు. ఆ సందేహం తీరాలంటే ముందుగా నేను చేసిన ఒక పొరపాటు గురించి మీకు చెప్పాలి.

1986–87లో దూరదర్శన్‌లో 'బునియాద్' అనే ధారావాహిక ప్రసారమయ్యేది. లాహోరుకు చెందిన ఒక కుటుంబం దేశవిభజనలో చెల్లాచెదురై, కొత్తచోట మళ్లీ నిలదొక్కుకునే కథ అది. నేనప్పుడు ఇంటర్మీడియట్ విద్యార్థినిని. మా వీధి మొత్తానికి రెండే టీవీలు ఉండేవి. పక్కింటి వసారాలో చాపమీద కూర్చుని చూసేవాళ్లం. హిందీ సగమే అర్థమయ్యేది కాని, బట్టలు మాత్రం పూర్తిగా అర్థమయ్యేవి! ఆ పొడుగు కమీజులు, ఆ దుపట్టాలు నా మనసులో అలాగే నిలిచిపోయాయి.

ఆ సంవత్సరం కళాశాల వార్షికోత్సవంలో వేసిన నాటికలో నాకు లాహోరు అమ్మాయి వేషం వచ్చింది. మా నాయనమ్మ ట్రంకుపెట్టెలో ముదురు ఎరుపు పట్టుచీర ఒకటి ఉండేది. ఆమె ఊళ్లో లేని సమయం చూసి దాన్ని బయటకు తీశాను. అక్కడక్కడా మరకలున్నాయని బట్టల సోడా వేసిన మరుగునీళ్లలో రాత్రంతా నానబెట్టాను. మర్నాడు ఆరబెట్టి, కత్తిరించి, కమీజు కుట్టించుకున్నాను. రంగస్థలం మీద చెయ్యెత్తి మాట్లాడబోయేసరికి అది భుజం దగ్గర చిరిగిపోయింది. విడిపోయింది కుట్టయితే సూదీదారంతో సరిపోయేది. కాని గుడ్డే పాత కాగితంలాగా చీలిపోయింది.

ఊరినుంచి వచ్చాక నాయనమ్మ ఆ ముక్కలు చూసి నన్ను తిట్టలేదు. ఒకే ఒక్క మాట అడిగింది: “ఆ టీవీలో ఆవిడ కూడా వాళ్ల నాయనమ్మ చీరే కోసుకుందా అమ్మాయ్?”

ఆ ప్రశ్నకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు. దాన్ని కొంచెం విడదీసి చూడండి, అందులో మూడు ప్రశ్నలున్నాయి. తెరమీద కనిపిస్తున్న గుడ్డ నిజంగా ఏమిటి? కథాకాలంలో మనుషులు కట్టిన గుడ్డ ఏమిటి? మన ఇంట్లో ఉన్న గుడ్డ ఏమిటి? ఈ మూడింటినీ వేరువేరుగా చూడటం నేర్చుకుంటే పాత దుస్తుల నుంచి స్ఫూర్తి పొందడం సులభమవుతుంది. ఈ పాఠంలో మనం నేర్చుకోబోయేది అదే.

తెర మీద కనిపించేది ఏమిటి?

ధారావాహికలో నటీనటులు వేసుకునేవాటిలో ఎక్కువ భాగం కొత్తగా కుట్టినవే. దీనికి కారణాలు స్పష్టం. వందేళ్లనాటి గుడ్డ దీపాల వేడికి, చెమటకు, రోజుల తరబడి సాగే చిత్రీకరణకు తట్టుకోలేదు. అందుకే దుస్తుల రూపకర్తలు కొత్త గుడ్డతో కుట్టి, దాన్ని పాతదిలా కనిపించేట్టు చేస్తారు. మోచేతుల దగ్గర రుద్దుతారు, అంచులు అరగదీస్తారు, తెల్ల గుడ్డను టీ డికాక్షన్‌లో ముంచుతారు. టీలో ఉండే టానిన్లు నూలుపోగులకు అంటుకుని లేత గోధుమరంగు ఇస్తాయి.

కొన్నిచోట్ల మధ్యేమార్గం అనుసరిస్తారు. 'డౌన్‌టన్ అబ్బీ' (2010–2015) అనే బ్రిటిష్ ధారావాహికలో 1912 నుంచి 1926 వరకు జరిగే కథ ఉంటుంది. దానికోసం దుస్తులు తయారుచేసినవారు ఆనాటి లేసుముక్కలు, పూసల అల్లికలు సేకరించి, వాటిని కొత్త గుడ్డకు చేర్చి కుట్టారు. అంటే బరువు మోసే భాగం కొత్తది, కంటికి కనిపించే అలంకారం పాతది. ఈ సూత్రం గుర్తుంచుకోండి, మనకు చివర్లో పనికివస్తుంది.

ఇక రంగుల సంగతి. టీవీ తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు కాంతులను వేరువేరు పాళ్లలో కలిపి మనకు అన్ని రంగులూ చూపిస్తుంది. అసలు గుడ్డ నుంచి వచ్చే కాంతి అంతకంటే క్లిష్టమైనది. పైగా రెండు గుడ్డలు ఒక దీపం కింద ఒకే రంగులో కనిపించి, ఎండలోకి తీసుకువెళితే వేరువేరు రంగుల్లో కనిపించవచ్చు. చీరకు జాకెట్టుగుడ్డ కొనేటప్పుడు మీ అమ్మగారు దుకాణం గుమ్మం దాకా వచ్చి వెలుతురులో చూడటం మీరు గమనించే ఉంటారు. ఆమె చేసేది కచ్చితమైన భౌతికశాస్త్ర ప్రయోగమే.

సన్నని చారల గుడ్డను కూడా కెమెరా ముందు సాధారణంగా వాడరు. ఆ చారలు, కెమెరా బింబాన్ని నమోదుచేసే వరుసలు ఒకదానితో ఒకటి కలిసి, లేని అలలను తెరమీద సృష్టిస్తాయి. కాబట్టి ఒక ధారావాహికలో సన్నచారల చొక్కాలు కనిపించకపోతే, ఆ కాలంలో అవి లేవని అర్థం చేసుకోకూడదు.

సారాంశం ఏమిటంటే, ధారావాహిక మనకు చూపేది చరిత్ర గురించి ఒక రూపకర్త చేసిన వ్యాఖ్య. వ్యాఖ్య గొప్పగా ఉండవచ్చు, కాని మూలం వేరే ఉంటుంది. ఆ మూలాన్ని వెతకడానికి ఇప్పుడు మూడు ఉదాహరణలు చూద్దాం.

మొదటి ఉదాహరణ: తెల్లటి మస్లిన్ గౌను

జేన్ ఆస్టిన్ నవల 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' 1813లో వెలువడింది. దాన్ని బీబీసీ 1995లో ఆరు భాగాల ధారావాహికగా ప్రసారం చేసింది. అదే కాలాన్ని మరింత స్వేచ్ఛగా ఊహించి తీసిన 'బ్రిడ్జర్టన్' 2020లో వచ్చింది. రెండింటిలోనూ ఛాతీకి కొంచెం కిందనే నడుము కట్టి, అక్కడినుంచి పాదాలదాకా జారే గౌన్లు కనిపిస్తాయి. వాటిని చూసి ప్రపంచవ్యాప్తంగా ఎంతోమంది యువతులు అలాంటివి కుట్టించుకున్నారు.

ఆ గౌను అలా జారడానికి కారణం కత్తిరింపు ఒక్కటే కాదు, గుడ్డ కూడా. అది మస్లిన్, అంటే అతి సన్నని నూలు. అత్యుత్తమమైన మస్లిన్‌కు పుట్టినిల్లు నేటి బంగ్లాదేశ్‌లోని ఢాకా ప్రాంతం. మేఘనా నది ఒడ్డున పండిన 'ఫూటీ కర్పాస్' అనే పత్తిరకం నుంచి దాన్ని తీసేవారు. పొడిగాలిలో అంత సన్నని పోగు తెగిపోతుంది కనుక తేమ ఎక్కువగా ఉండే ఉదయం, సాయంత్రం వేళల్లో వడికేవారు.

నూలు సన్నదనాన్ని 'నంబరు'తో కొలుస్తారు. 840 గజాల పొడవుండే చిలపలు ఒక పౌను బరువుకు ఎన్ని తూగితే అది అంత నంబరు నూలు. 100 నంబరు నూలంటే ఒక పౌనుకు 84,000 గజాలు. అంటే ఒక గ్రాము పత్తినుంచి దాదాపు 169 మీటర్ల పోగు వస్తుంది. 300 నంబరు దాటిన నూలైతే ఒక గ్రాము పోగు అర కిలోమీటరు పైచిలుకు సాగుతుంది. ఢాకా వడికేవారు ఇంతకంటే సన్నని నూలు కూడా చేతితో తీసేవారు.

ఇక్కడ మనం జాగ్రత్తగా ఉండవలసిన విషయం ఒకటుంది. ఆస్టిన్ కాలంలో ఇంగ్లండ్ అమ్మాయిలంతా ఢాకా మస్లినే కట్టారని చెప్పడం సరికాదు. 1779లో శామ్యూల్ క్రాంప్టన్ 'మ్యూల్' అనే వడికే యంత్రాన్ని రూపొందించాక, ఇంగ్లండ్, స్కాట్లండ్ మిల్లులే సన్నని నూలు తీయగలిగాయి. ఆస్టిన్ రాసిన 'నార్తాంగర్ అబ్బీ' నవలలో హెన్రీ టిల్నీ అనే యువకుడు తాను కొన్నది అసలైన ఇండియా మస్లిన్ అని ప్రత్యేకంగా చెప్పుకుంటాడు. అసలైనది అని విడిగా చెప్పుకోవలసి వచ్చిందంటే, అప్పటికే నకళ్లు బజారులో ఉన్నాయన్నమాట! యంత్రపు పోటీ, వలసపాలనలో నేతగాళ్లపై పడిన ఒత్తిళ్లు కలిసి 19వ శతాబ్దంలో ఢాకా మస్లిన్‌ను దాదాపు రూపుమాపాయి. ఆ పత్తిరకాన్ని గుర్తించి మళ్లీ అలాంటి గుడ్డ నేయాలని ఇటీవలి సంవత్సరాల్లో బంగ్లాదేశ్‌లో శాస్త్రవేత్తలు, నేతగాళ్లు కలిసి కృషి చేశారు. దానికి దగ్గరి బంధువైన జామ్‌దానీ నేతను యునెస్కో 2013లో మానవజాతి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

మనకు దగ్గరలో కూడా ఇలాంటి విద్య బతికే ఉంది. శ్రీకాకుళం జిల్లా పొందూరులో సన్నఖద్దరు నేస్తారు. అక్కడ పత్తిని శుభ్రపరచడానికి వాలుగ చేప దవడను దువ్వెనగా వాడతారు. దాని సన్నని పళ్లు పోగులను తెంపకుండా, గింజకు అంటుకున్న పత్తిని చిక్కులేకుండా దువ్వుతాయి. 'బ్రిడ్జర్టన్' గౌను చూసి ముచ్చటపడిన అమ్మాయి నైలాన్ నెట్టు కొనే ముందు ఒక్కసారి పొందూరు గుడ్డ ముట్టుకుని చూడాలి.

రెండో ఉదాహరణ: పూలగుడ్డ

18వ శతాబ్దపు ఇంగ్లండ్, ఫ్రాన్సు కథలతో వచ్చే ధారావాహికల్లో తీగలు, పూలు అచ్చువేసిన నూలు గౌన్లు తరచుగా కనిపిస్తాయి. ఇంగ్లీషులో దాన్ని 'చింట్జ్' అంటారు. ఆ మాట మన దేశభాషల్లోని 'ఛీంట్' నుంచి వెళ్లింది. మన పెద్దవాళ్లు 'చీటి పరికిణీ' అనేవారు, గుర్తుందా? ఆ చీటీగుడ్డే సముద్రం దాటి చింట్జ్ అయింది.

ఆ గుడ్డల్లో పేరెన్నికగన్నవి కోరమాండల్ తీరం నుంచి, ముఖ్యంగా మచిలీపట్నం రేవు నుంచి ఎగుమతి అయ్యేవి. వాటి ముందు ఐరోపా అద్దకాలు నిలవలేకపోయాయి. ఉతికితే ఐరోపా రంగులు పోయేవి, మనవి నిలిచేవి. అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్లు ఆందోళనకు దిగారు. ఫ్రాన్సు 1686లో ఈ గుడ్డలను నిషేధించి, 1759 వరకు ఆ నిషేధం కొనసాగించింది. ఇంగ్లండ్ 1700లో ఒక చట్టం, 1721లో మరింత కఠినమైన చట్టం చేసింది. 1774లో గాని అవి తొలగిపోలేదు. ఒక పరికిణీగుడ్డ కోసం రెండు రాజ్యాలు చట్టాలు చేయవలసి వచ్చిందంటే దాని బలం ఎంతటిదో ఆలోచించండి.

ఆ బలం రసాయనశాస్త్రంలో ఉంది. నూలుకు ఎర్రరంగు నేరుగా అంటుకోదు. మధ్యలో ఒక వారధి కావాలి. మన అద్దకంవారు గుడ్డను ముందు కరక్కాయ నీటిలో, పాలలో తడిపి ఆరబెడతారు. ఎరుపు రావలసినచోట పటిక ద్రావణంతో అచ్చు వేస్తారు. ఆ తరువాత గుడ్డను చిరివేరు వంటి వేరుతో కలిపి ఉడికిస్తారు. పటికలోని అల్యూమినియం ఒకచేత్తో నూలును, మరొకచేత్తో వేరులోని అలిజరిన్ అనే రంజకాన్ని పట్టుకుంటుంది. పటిక పడినచోట ఎరుపు నిలుస్తుంది, పడనిచోట ఉతికితే పోతుంది. నలుపు కావాలంటే తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లంనీటిలో కొన్నాళ్లు ఊరబెట్టిన ద్రవం వాడతారు. అందులోని ఇనుము కరక్కాయలోని టానిన్‌తో కలిసి నలుపు ఇస్తుంది.

అచ్చులతో అద్దే ఈ పని నేటికీ మచిలీపట్నం పక్కనున్న పెడనలో సాగుతోంది. కలంతో చిత్రించే పని శ్రీకాళహస్తిలో సాగుతోంది. రెండు కలంకారీలకూ భౌగోళిక గుర్తింపు ఉంది. అయితే బజారులో కలంకారీ పేరుతో అమ్మేవన్నీ సహజరంగులవి కావు. చాలావరకు తెరఅచ్చు గుడ్డలు. ధర అడిగేముందు రంగు ఏమిటో కూడా అడగడం మన బాధ్యత.

ఇంకొక చిన్న మాట. 'మస్లిన్' అనే పేరు మచిలీపట్నం నుంచే వచ్చిందని మనవాళ్లు కొందరు గర్వంగా చెబుతుంటారు. నిఘంటువులు సాధారణంగా దాన్ని ఇరాక్‌లోని మోసుల్ నగరంతో ముడిపెడతాయి. వినడానికి ఇంపుగా ఉందన్న కారణంతో దేన్నీ ఒప్పుకోకూడదు. మన ఊరి గొప్పతనానికి చిరివేరు సాక్ష్యం చాలు, తేలని పేరు సాక్ష్యం అక్కర్లేదు.

మూడో ఉదాహరణ: ప్రయోగశాల నుంచి వచ్చిన రంగులు, పోగులు

1856లో విలియం హెన్రీ పెర్కిన్ అనే 18 ఏళ్ల విద్యార్థి లండన్‌లో మలేరియా మందు క్వినైన్‌ను కృత్రిమంగా తయారుచేయబోయాడు. క్వినైన్ రాలేదు. గాజుపాత్ర కడుగుతుండగా ఊదారంగు కనిపించింది. అదే 'మావ్', తొలి కృత్రిమ రంజకాల్లో ప్రసిద్ధమైనది. 1868లో జర్మనీలో గ్రేబె, లీబర్‌మన్ అనే ఇద్దరు రసాయనశాస్త్రవేత్తలు అలిజరిన్‌ను కృత్రిమంగా తయారుచేశారు. 1897లో కృత్రిమ నీలిమందు జర్మనీ నుంచి బజారులోకి వచ్చింది. వేరుతో, ఆకుతో బతికే మన రైతులు, అద్దకంవారు ఆ పోటీని తట్టుకోలేకపోయారు. బీహారులోని చంపారన్‌లో నీలిరైతుల కష్టాలు చూడటానికి గాంధీజీ 1917లో వెళ్లినప్పుడు, ఆ కథ వెనుక ఒక ప్రయోగశాల కూడా ఉంది.

కాబట్టి 1850కి ముందు జరిగే కథలో పాత్రలు కళ్లు మిరుమిట్లుగొలిపే గులాబీరంగు, ఊదారంగు గౌన్లు వేసుకుంటే, అది రూపకర్త తీసుకున్న స్వేచ్ఛ అని గుర్తించండి. 'బ్రిడ్జర్టన్' రూపకర్తలు అలాంటి స్వేచ్ఛను కావాలనే తీసుకున్నారు. అది తప్పు కాదు. మనకు తెలిసి ఉండాలి, అంతే.

రంగుల తరువాత పోగుల వంతు వచ్చింది. 1935లో అమెరికాలో వాలెస్ కరోథర్స్ బృందం నైలాన్‌ను, 1941లో ఇంగ్లండ్‌లో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు టెరిలిన్‌ను తయారుచేశారు. 1960ల అమెరికా కథ చెప్పే 'మ్యాడ్ మెన్' (2007–2015) ధారావాహికలో ఈ కొత్త పోగుల కాలం కనిపిస్తుంది. ఆ ధారావాహిక పేరుతో 2011లో బనానా రిపబ్లిక్ అనే దుస్తుల సంస్థ ఒక ప్రత్యేక శ్రేణినే విడుదల చేసింది. తెరమీది దుస్తులు దుకాణంలోకి ఎంత త్వరగా దిగివస్తాయో చూడండి. మన ఇళ్లల్లోనూ తాతయ్యల టెరిలిన్ చొక్కాలు ఒకప్పుడు హోదాకు గుర్తు. ఇస్త్రీ అక్కర్లేదు, ముడత పడదు, త్వరగా ఆరుతుంది.

మరి లోపం ఏమిటి? సాధారణ గాలిలో నూలు తన పొడిబరువులో సుమారు 8.5 శాతం తేమను పట్టుకుంటుంది. పాలిస్టరు పట్టుకునేది సుమారు 0.4 శాతమే. అందుకే మే నెల ఎండలో పాలిస్టరు వేసుకుంటే చెమట చర్మం మీదే నిలిచి ఉక్కపోస్తుంది. వంటింట్లో, దీపాల దగ్గర ఇంకా ప్రమాదం. అది కరిగి ఒంటికి అంటుకుంటుంది. నాటకాలకు చౌకగా దొరుకుతుందని మెరిసే పాలిస్టరు వేషాలు కట్టే పిల్లలు ఈ విషయం తప్పక గుర్తుంచుకోవాలి. అదీకాక ఉతికినప్పుడల్లా సన్నని ప్లాస్టిక్ పోగులు నీటిలో కలుస్తాయి. అవి మట్టిలో కుళ్లిపోవు.

తెరముందు కూర్చున్నప్పుడు అడగవలసిన ఐదు ప్రశ్నలు

ఇంతవరకు తెలుసుకున్నదాన్ని ఐదు ప్రశ్నలుగా కుదిద్దాం. నోటుపుస్తకంలో రాసుకోండి.

మొదటిది: ఈ కథ ఏ సంవత్సరంలో, ఏ ఊళ్లో జరుగుతోంది?

రెండోది: ఇది ఏ పోగు కావచ్చు? నూలా, పట్టా, ఉన్నా, కృత్రిమమా? గుడ్డ మడత పడే తీరు, మెరిసే తీరు చూడండి.

మూడోది: ఈ రంగు ఆ కాలంలో సాధ్యమేనా? ఇందాక చెప్పిన 1856 ఇక్కడ మనకు సరిహద్దురాయి.

నాలుగోది: ఎలా మూసి కట్టారు? నాడానా, బొత్తామా, కొక్కెమా, జిప్పా? నేటి జిప్పుకు మూలరూపం 1913లో గిడియన్ సుండ్‌బాక్ తయారుచేశారు. 1813 నాటి గౌను వెనుక జిప్పు కనిపిస్తే నవ్వుకోండి. అది చిత్రీకరణ తొందర. కుట్టుమిషన్ కూడా 19వ శతాబ్దం మధ్యలోనే ఇళ్లల్లోకి వచ్చింది. అంతకుముందుదంతా చేతికుట్టే.

ఐదోది: ఇది ఎవరు వేసుకున్నారు, ఎవరు ఉతికారు? ధారావాహికలు ఎక్కువగా జమీందారుల ఇళ్లు చూపిస్తాయి. తెల్లగౌను తెల్లగా ఉండటం వెనుక పనిమనుషుల చేతులున్నాయి. ఆ చేతుల దుస్తులు కూడా చూడండి. బరువు మోయడానికి, వంగి పనిచేయడానికి వీలుగా ఉండే వాటిలోనే మనకు నిత్యం పనికివచ్చే ఆలోచనలు ఎక్కువగా దొరుకుతాయి.

ఇంట్లో ఉన్న గుడ్డను గుర్తించడం

రెండో ప్రశ్నకు ఇంట్లోనే జవాబు వెతకడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. ఇది పెద్దల సమక్షంలోనే చేయాలి. గుడ్డ లోపలి అంచునుంచి రెండు పోగులు మాత్రమే తీయండి. పట్టకారుతో పట్టుకుని, స్టీలు పళ్లెం మీద, కొవ్వొత్తి మంటకు చూపండి. కాగితం కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద మిగిలితే నూలు. జుట్టు కాలిన వాసన వచ్చి, మిగిలిన నల్లటి ముద్ద వేళ్లమధ్య పొడి అయితే పట్టు లేదా ఉన్ని. కరిగి గట్టి పూసలా మిగిలితే పాలిస్టరు లేదా నైలాన్. చల్లారిన తరువాతే ముట్టుకోవాలి.

జుట్టువాసన ఎందుకు? జుట్టు, ఉన్ని, పట్టు మూడూ ప్రొటీన్లే. ఇప్పుడు నా పొరపాటు మీకు అర్థమై ఉంటుంది. ప్రొటీన్ గొలుసులోని బంధాలను వేడి క్షారం తెంపుతుంది. నూలుకు ఆమ్లం శత్రువు, పట్టుకు క్షారం శత్రువు. నేను సోడానీళ్లలో నానబెట్టిన ఆ రాత్రి, మరకలతోపాటు నాయనమ్మ చీర బలం కూడా కరిగిపోయింది. అప్పటికే ఏళ్లతరబడి ఒకే మడతమీద ఉండి నలిగిన పోగులు ఇంక నిలవలేదు. కుంకుడుకాయ రసంతో, చల్లటి నీటిలో, పిండకుండా జాడిస్తే చాలునని మా వీధిలో ఏ ముసలమ్మను అడిగినా చెప్పేది. నేను అడగలేదు.

స్ఫూర్తి అంటే నకలు కాదు

ఇక అసలు విషయానికి వద్దాం. నచ్చిన పాత దుస్తుల నుంచి మనం ఏం తీసుకోవాలి?

మన వాతావరణానికి పనికిరానిది వదిలేయాలి. స్కాట్లండ్ చలికోసం కుట్టిన ఉన్నికోటు విజయవాడలో వేసుకుంటే స్ఫూర్తి కాదు, శిక్ష! ఆ కోటు కాలరు నచ్చితే, ఆ కాలరును నూలు చొక్కాకు పెట్టించుకోండి. మస్లిన్ గౌనులో నాడాతో బిగించే మెడ నచ్చితే, మంగళగిరి నూలుతో కుర్తా కుట్టించి అలాంటి నాడా పెట్టించండి. ఒళ్లు పెరిగినా తగ్గినా ఆ కుర్తా పదేళ్లు వస్తుంది. పాతకాలపు దుస్తుల్లో పైట, ధోవతి, నాడా, మడిచి కుట్టిన అంచు వంటివి ఎందుకు ఎక్కువో ఇప్పుడు అర్థమవుతుంది. గుడ్డ ఖరీదైన రోజుల్లో ఒక్క ముక్క కూడా వృథా కాకుండా, మనిషితోపాటు దుస్తులు కూడా సర్దుకునేట్టు ఆలోచించారు.

పాత గుడ్డను వాడాలనుకుంటే డౌన్‌టన్ అబ్బీ సూత్రం పాటించండి. బరువు కొత్త గుడ్డ మోయాలి, అందం పాత గుడ్డ ఇవ్వాలి. బలహీనపడిన చీర అంచును కొత్త నూలు జాకెట్టు మీద చేతికుట్టుతో అతికించవచ్చు. గట్టిగా ఉన్న చీరనైతే కత్తెర ముట్టించకుండా కట్టుకోవడమే మేలు. కోసిన గుడ్డ మళ్లీ చీర కాదు.

దాచుకునేటప్పుడు ప్లాస్టిక్ సంచిలో పెట్టకండి, తేమ లోపలే ఉండిపోతుంది. ఉతికిన పాత నూలుగుడ్డలో చుట్టండి. మూడు నాలుగు నెలలకొకసారి విప్పి, నీడలో ఆరబెట్టి, వేరే మడతమీద మడవండి. అంతకంటే ముఖ్యమైన పని మరొకటుంది. ఆ గుడ్డ ఎవరిది, ఎక్కడిది, ఎవరు నేశారు అని పెద్దలను అడిగి ఒక కాగితం మీద రాసి దానితోపాటే ఉంచండి.

ఈ చివరిమాట మీద నాకు పట్టుదల ఎక్కువ. చీర చిరిగిన తరువాత గాని నాయనమ్మను దాని సంగతి అడగాలని నాకు తోచలేదు. అది ఆమె పెళ్లికి పుట్టింటివారు పెట్టిన చీర. భుజాన మూట వేసుకుని ఊరూరా తిరిగే నేతగాడి దగ్గర వాళ్ల నాన్న రెండు పంటల మీద బాకీ తీర్చే ఒప్పందంతో కొన్నారట. ఆ నేతగాడిది ఏ ఊరని అడిగితే, “పేరు నోట్లోనే ఉందే, రావడంలేదు” అంది. ఆ పేరు ఆమెకు ఆ తరువాత ఎప్పుడూ గుర్తు రాలేదు. చీర పాడుచేసినందుకు కంటే, ఒక్క సంవత్సరం ముందు అడగనందుకు నేను ఇప్పటికీ బాధపడతాను.

మిగిలిన అంచుముక్క నా దగ్గర ఉంది. ప్రతి సంవత్సరం ప్రొటీన్ల పాఠం చెప్పేటప్పుడు అందులో ఒక్క పోగు తీసి సూక్ష్మదర్శిని కింద పెడతాను. విరిగిన చోట పోగు ఎలా పీచులుగా చీలిపోయిందో పిల్లలు వరుసగా వచ్చి చూస్తారు. పుస్తకంలోని బొమ్మకంటే అది వాళ్లకు ఎక్కువ గుర్తుంటుంది.

మీరు చేయవలసిన పని

ఈ వారం మూడు పనులు చేయండి. ఏదైనా ఒక చారిత్రక ధారావాహికలోని ఒక దుస్తును ఎంచుకుని, పైన చెప్పిన ఐదు ప్రశ్నలకు జవాబులు రాయండి. మీ ఇంట్లో అన్నిటికంటే పాత వస్త్రం ఏదో కనుక్కుని, దాని కథను పెద్దల నోటివెంట విని అర పేజీ రాయండి. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి, మీరు నిత్యం వేసుకోగల ఒక కొత్త దుస్తు బొమ్మ గీయండి. గుడ్డ ఏమిటో, రంగు ఏమిటో, ఎందుకో పక్కన రాయడం మరచిపోవద్దు.

పెట్టె తెరిచేముందు ఇంట్లో పెద్దవాళ్ల అనుమతి తీసుకోండి. బట్టల సోడా మాత్రం దూరంగా ఉంచండి.

సెలవు. నమస్కారం.